గుండ్ల దారి, ఎముకల ముంగిలి

1858 మార్చి 7న చాందా జిల్లాలో, ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడ్డ బాబూరావు శేడ్మాకే మనుషులు రాజ్‌గఢ్ మీద పడ్డారు. ఇంకో రెండు వారాలకి, మార్చి 21న, లక్నో పూర్తిగా ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. దాని వెనకే ఫెలీచే బియాటో అనే ఫొటోగ్రాఫర్ గాజుపలకలూ మందు సీసాలూ మోయించుకుంటూ ఆ ఊళ్ళో దిగాడు. అదే ఏడాది, అదే తిరుగుబాటు. లక్నోకి పదుల కొద్దీ ఫొటోలు దక్కాయి. మా చంద్రపూర్‌కి, అంటే అప్పటి చాందాకి, ఒక్కటీ దక్కలేదు.

ఫొటో లేని యుద్ధం గురించి మాట్లాడాలంటే ముందు ఫొటో ఉన్న యుద్ధాలు మనకి నిజంగా ఏం చెప్పాయో తేల్చుకోవాలి. అందుకు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి 1855 ఏప్రిల్ 23న క్రిమియాలో రోజర్ ఫెంటన్ తీసింది. రెండోది మూడేళ్ళ తరవాత లక్నో సికందర్‌బాగ్‌లో బియాటో తీసింది. ఈ ఇద్దరికీ చుట్టరికం లాంటిదే ఉంది. ఫెంటన్ జబ్బుపడి ఇంటిదారి పట్టాక సెవాస్తపోల్ శిథిలాల్ని ఫొటో తీసినవాళ్ళు జేమ్స్ రాబర్ట్‌సన్, అతని బావమరిది బియాటో. రెండు ఫొటోల మీదా ఉన్న అనుమానం కూడా ఒకటే: ఇందులో ఎవరో చేత్తో సర్దినది ఏది?

ఫెంటన్ ఫొటోలో మనిషి లేడు, గుర్రం లేదు, శవం అసలే లేదు. రెండు బోడి గుట్టల నడుమ వంకర తిరిగిన మట్టిదారి, దాని మీద ఫిరంగి గుండ్లు. అంతే. సైనికులు ఆ లోయకి మృత్యుచ్ఛాయల లోయ అని బైబిలు పేరు పెట్టుకున్నారు. పేరులోని ఆ మృత్యువును పట్టుకుని, టెన్నిసన్ పద్యంలో ఆరువందల మంది ఆశ్వికులు చావుకి ఎదురెళ్ళిన లోయ ఇదే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ దాడి జరిగింది 1854 అక్టోబరు 25న బలక్లావాలో, మైళ్ళ దూరంలో ఉన్న వేరే లోయలో. చాలా యుద్ధ ఫొటోలకి ఇలాంటి మొదటి తప్పు ఎవరూ అబద్ధం చెప్పకుండానే, పేరు పోలికతోనే అంటుకుంటుంది.

అసలు తగాదా ఎక్కడంటే, ఫెంటన్ ఆ చోట ఒకటి కాక రెండు ఫొటోలు తీశాడు. ముక్కాలి పీట జరపలేదు, చూపు మార్చలేదు. ఒకదాంట్లో గుండ్లు దారి పక్క పల్లంలో ఉన్నాయి, దారి ఖాళీ. రెండోదాంట్లో దారి నిండా గుండ్లే. ఏది ముందు? ఖాళీ దారి ముందైతే, ఫొటో రక్తి కట్టడానికి గుండ్లు తెచ్చి పరిపించినట్టు. నిండు దారి ముందైతే, తిరిగి పేల్చుకోవడానికి సైనికులు గుండ్లు ఏరుకుపోయాక మిగిలిన దారిని మళ్ళీ తీసినట్టు. మొదటి మాటే నిజమని సూసన్ సోంటాగ్ 2003 నాటి తన పుస్తకంలో అడిగేవాళ్ళు లేరన్నట్టు రాసేసింది. అది ఆమెకెలా తెలుసు అని అడిగినవాడు సినిమా దర్శకుడు ఎరల్ మోరిస్. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని అతను క్రిమియా దాకా వెళ్ళాడు. లోయని వెతికి పట్టుకున్నాడు. మ్యూజియం నుంచి ఒక గుండు అరువు తెచ్చి దారిలో పెట్టి, దాని మీద ఎండ ఎలా పడుతుందో చూశాడు. నీడలు కొలిచిన నిపుణులు తలో మాటా చెప్పారు. ఫెంటన్ తత్వం ఇలాంటిది కాబట్టి ఇలా చేసి ఉంటాడు అని వాదించిన పండితులు ఇంకో పక్క.

చివరికి చిక్కు విడగొట్టినవి గుండ్లూ కావు, నీడలూ కావు. పక్క గుట్ట వాలు మీద ఎవరి కంటా పడని చిన్న రాళ్ళు. మోరిస్ స్నేహితుడొకడు రెండు ఫొటోల్నీ ఒకదాని మీద ఒకటి ఆడించి చూస్తే, ఖాళీ దారి ఫొటోలో పైన ఉన్న కొన్ని రాళ్ళు నిండు దారి ఫొటోలో కాస్త కిందికి జారి ఉన్నాయి. ఆ రాళ్ళకి ఫ్రెడ్, జార్జ్, లయొనెల్, మార్మడ్యూక్, ఆస్వల్డ్ అని పేర్లు కూడా పెట్టుకున్నారు. వాలు మీద ఎవరో నడిచారు, కాలు తగిలి రాళ్ళు దొర్లాయి. దొర్లిన రాయి కిందికే పోతుంది, పైకి ఎక్కదు. కాబట్టి ఖాళీ దారే ముందు. సోంటాగ్ చెప్పిన వరస సరిపోయింది. అయితే ఆమె దగ్గర లేని సాక్ష్యం అయిదు రాళ్ళ దగ్గర దొరికింది. ఎందుకు పరిచారు, ఎవరు పరిచారు అన్నది రాళ్ళు చెప్పవు, మోరిస్ కూడా చెప్పలేదు. విమర్శకుడు ఎక్కడ ఆగాలో తెలిసి ఆగడం నాకు దీని మీద అతను రాసిన వ్యాసంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి. మధ్యలో పేజీలకి పేజీలు చర్విత చర్వణం ఉందనుకోండి, అది వేరే మాట.

ఇప్పుడు సికందర్‌బాగ్. వాజిద్ అలీ షా కట్టించుకున్న విలాసవనం, చుట్టూ ఎత్తయిన ప్రహరీ. 1857 నవంబరు 16న కాలిన్ క్యాంప్‌బెల్ సేన గోడకి కన్నం పెట్టి లోపలికి దూరింది. లోపల ఉన్న సిపాయిలకి బయటికి దారి లేదు. ఆ తోటలో ఒక్క రోజులో చచ్చినవాళ్ళు రెండువేల మంది అని ఇంగ్లీషు లెక్క. బియాటో బొమ్మలో వెనక మంటపం ఉంది, గుండు దెబ్బలకి పెచ్చులూడిన స్తంభాలతో. మంటపం ముందు నలుగురు మనదేశపు మనుషులు, ఒక గుర్రం. వాళ్ళకీ మనకీ మధ్య ముంగిలి నిండా ఎముకలు. పుర్రెలు, పక్కటెముకలు, ఏది ఎవరిదో పోల్చుకోలేని ముక్కలు.

ఈ ఫొటోకి బియాటో పెట్టిన శీర్షిక చాలా పొడుగు. అందులో ఏముందంటే: 93వ హైలాండర్లు, 4వ పంజాబ్ రెజిమెంటు, రెండువేల మంది తిరుగుబాటుదార్ల ఊచకోత, సర్ కాలిన్ క్యాంప్‌బెల్ మొదటి దాడి, 1857 నవంబరు. శీర్షికని పక్కన పెట్టి ఫొటో చూడండి. హైలాండర్లు లేరు. పంజాబీలు లేరు. క్యాంప్‌బెల్ లేడు. నవంబరు కూడా లేదు, ఎందుకంటే ఈ ఫొటో తీసింది నాలుగైదు నెలల తరవాత. ఫొటోలో కళ్ళెదుట ఉన్నవి నలుగురు మనుషులు, ఒక గుర్రం, కొన్ని ఎముకలు. ఆ నలుగురి గురించి శీర్షికలో ఒక్క అక్షరం లేదు. కెమెరా మూత తీసినంతసేపూ కదలకుండా నిలబడమని చెప్పి ఉంటారు, నిలబడ్డారు. తమ దేశస్తుల ఎముకల పక్కన అలా నిలబడ్డ వాళ్ళెవరు? గుర్రపువాళ్ళా, కూలీలా, బియాటో సామాను మోసినవాళ్ళా? బట్టని బట్టి, నిలబడ్డ తీరుని బట్టి ఊహించడం తప్ప దారి లేదు. శీర్షిక ఫొటోలో లేనివాళ్ళని పేరు పేరునా పిలిచింది, ఉన్నవాళ్ళని వదిలేసింది.

ఎముకల మాట. అవి పడ్డచోటే ఉండిపోయినవా, పరిచినవా? మోరిస్ పద్ధతి ఇక్కడ పనికిరాదు, పోల్చుకోవడానికి రెండో పలక లేదు. ఉన్నదల్లా ఒక మనిషి మాట. అప్పట్లో లక్నోలో ఉన్న జార్జ్ క్యాంప్‌బెల్ అనే సివిలు అధికారి (సేనాపతి క్యాంప్‌బెల్ వేరు) తన జ్ఞాపకాల్లో రాసుకున్నదాని ప్రకారం, శవాల గుట్టని అప్పటికే మట్టి కప్పి మర్యాదగా మూసేశారు. ఫొటోగ్రాఫరు పట్టుబట్టి దాన్ని మళ్ళీ తెరిపించాడు. దీనికి ఎదురుగా ఇంకో కథనం ఉంది: నవంబరు దాడిలో పోయిన ఇంగ్లీషువాళ్ళని గొయ్యి తవ్వి పూడ్చారు, సిపాయిల శవాల్ని అలాగే వదిలేశారు, మార్చిలో తిరిగొచ్చేసరికి మిగిలినవి ఎముకలే. మొదటిది నిజమైతే ఈ ఫొటో తవ్వితీసిన ప్రదర్శన. రెండోది నిజమైతే అది మరో రకం నేరానికి సాక్ష్యం. రెండిట్లోనూ ఫొటో ఒకటే.

నా మటుకు నాకు క్యాంప్‌బెల్ మాట వైపే మొగ్గు. కారణం ఫొటోలోనే ఉంది. ఆ రోజు శవాలు ఒకదాని మీద ఒకటి గుట్టలు గుట్టలుగా పడ్డాయని చూసినవాళ్ళు రాశారు. గుట్టగా పడ్డవాళ్ళ ఎముకలు గుట్టగానే ఉండాలి. ఇక్కడ ముంగిలంతా పలచగా, కెమెరాకి ఏ మూలా వెలితి లేకుండా పరుచుకుని ఉన్నాయి. కుక్కలూ నక్కలూ ఈడ్చి ఉండవచ్చు కదా అంటే, ఉండవచ్చు. రెండో పలక ఉంటే ఈ మాట ఇంత నీళ్ళు నమిలి చెప్పే పని ఉండేది కాదు. (ఆ జార్జ్ క్యాంప్‌బెల్ 1867లో సెంట్రల్ ప్రావిన్సెస్‌కి చీఫ్ కమిషనర్‌గా నాగపూర్ వచ్చాడు. మా చాందా అతని ఏలుబడిలోదే.)

బియాటో అలవాటు ఎలాంటిదో చెప్పడానికి ఇంకో ఉదాహరణ ఉంది. 1860 ఆగస్టు 21న చైనాలో తాకూ కోట పడ్డాక లోపలికి వెళ్ళి, తన పని అయ్యేదాకా శవాల్ని కదపొద్దని అడిగాడని అక్కడున్న సైనిక వైద్యుడు రాశాడు. డేవిడ్ హారిస్ అనే పరిశోధకుడు ఆ కోట ఫొటోలన్నీ ముందేసుకుని ఏది ఏ గోడ దగ్గర, ఏ వరసలో తీశాడో తేల్చాడు. ఆల్బంలో కథ కోట బయటినుంచి మొదలై లోపలికి వెళుతుంది. తీసిన వరస దాదాపు తలకిందులు. శవాల్ని ఎత్తేస్తారు కాబట్టి ముందు లోపలివి తీశాడు, కదలని గోడల్ని తరవాత తీరిగ్గా తీశాడు. అంటే ఆల్బం తిప్పేవాడికి అనిపించే యుద్ధం వేరు, కెమెరా నడిచిన దారి వేరు.

ఇలాంటి లెక్క తేల్చడంలో ఆరితేరినవాడు అమెరికాలో విలియం ఫ్రాసనీటో. 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధం అయిన రెండు రోజులకి అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం తీసిన ఫొటోల్ని పట్టుకుని అతను ఆ పొలాల్లో బండ బండా వెతికాడు. 1975లో పుస్తకం వేశాడు. చీలిక పడ్డ ఒక బండని పోల్చుకోగానే, ఎక్కడివో తెలియని శవాల ఫొటోలు వరసగా ఒకే పొలానివని తేలాయి. వేరు వేరు చోట్లవని అమ్ముడైన రెండు ఫొటోల్లోని శవాలు నిజానికి ఒకటేనని, ఎదురెదురు దిక్కుల నుంచి తీసినవని చూపించాడు. రాతి గోడ వెనక పడి ఉన్న గురికాడి ఫొటో అన్నిటికన్నా పేరున్నది. అదే కుర్రవాడి శవం కొండవాలు మీద ఇంకో ఫొటోలో ఉంది. నలభై గజాల పైచిలుకు మోసుకొచ్చి గోడ వెనక పడుకోబెట్టి, తుపాకి ఆనించి తీశారు. ఆ తుపాకి కూడా గురికాళ్ళు వాడే రకం కాదు. గార్డ్‌నర్ తన ఆల్బంలో ఇంకో మెట్టు పైకి ఎక్కి, నాలుగు నెలలకి తిరిగి వెళితే ఆ అస్థిపంజరం, తుప్పు పట్టిన తుపాకి అలాగే ఉన్నాయని రాసుకున్నాడు! వేల మంది జనం తిరిగిన చోట, జ్ఞాపికల కోసం గుండీలు కూడా ఏరుకుపోయిన చోట.

ఫెంటన్ దారిలో జరిగింది ఇనుము. గార్డ్‌నర్ జరిపింది శవాన్ని. క్యాంప్‌బెల్ మాట నిజమైతే, బియాటో తెరిపించింది సమాధిని. నేరం బరువు ఈ వరసలో పెరుగుతూ పోయింది. వాటి మీద జరిగిన పరిశోధన బరువు మాత్రం అలా పెరగలేదు. గుండ్ల దారి మీద మోరిస్ పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఉంది, రాళ్ళకి పేర్లున్నాయి. గురికాడు ఏ రాష్ట్రం దళంవాడో, పేరేమిటో తేల్చడానికి ఇప్పటికీ పోటీ పడుతున్నారు. సికందర్‌బాగ్ ఎముకల విషయంలో వలసపాలన, చూపు, అధికారం అంటూ సిద్ధాంతాలు చాలానే వచ్చాయి. పోయినవాళ్ళు ఏ పల్టనువాళ్ళు, ఏ ఊళ్ళవాళ్ళు అన్న మొరటు ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ. ఆ గుట్టకి దక్కిన ఒక్క పేరు ఫొటో బయటినుంచి వచ్చింది. తోటలో రావిచెట్టెక్కి పైనుంచి ఇంగ్లీషువాళ్ళని కాల్చి చనిపోయిన మనిషి ఆడది అని ఒక సైనికుడు రాశాడు. ఆమె ఊదాదేవి అని పాసీ కులస్తులు చెప్పుకున్నారు, నిలబెట్టుకున్నారు. ఏటా నవంబరు 16న ఆమె విగ్రహానికి దండలు వేస్తారు.

చోటు పోల్చుకోవడం ఒక్కటే సరిపోదంటే దాన్ని తక్కువ చేసినట్టు కాదు. రాబర్ట్ కాపా తీసిన, గుండు తగిలి వెనక్కి పడిపోతున్న స్పెయిన్ సైనికుడి ఫొటోని చోటే పడగొట్టింది. వెనకున్న కొండల గీత, ఫొటో తీసిన చోటని అనుకుంటూ వచ్చిన సెర్రో మురియానోది కాదు, అక్కడికి చాలా దూరంలోని ఎస్పెహో ఊరిదని 2009లో తేలింది. 1936 సెప్టెంబరు మొదట్లో ఎస్పెహోలో పోరే లేదు. బియాటో తీసిన ఢిల్లీ ఫొటోల విషయంలో జిమ్ మస్సెలోస్, నారాయణీ గుప్తా చేసిన పని నాకు మోరిస్ దానికన్నా ఎక్కువ ఉపయోగంగా అనిపిస్తుంది. బియాటో 1858లో నిలబడ్డ చోట్లనే 1997లో నిలబడి మళ్ళీ ఫొటోలు తీసి పక్కపక్కన వేశారు. మోరిస్ పని ఒక గంటలో ఏం జరిగిందో చెప్పింది, వీళ్ళ పని నూట నలభై ఏళ్ళలో ఏది కూల్చారో, ఏది కట్టారో చెప్పింది. బియాటోకి లేని రెండో పలకని వీళ్ళు తమ చేత్తో తయారుచేశారు.

అలాంటి రెండో పలక చాందాకి కుదరదు, మొదటిదే లేదు కాబట్టి. ఇక్కడున్నవి ఊళ్ళ పేర్లు, తేదీలు. రాజ్‌గఢ్. నందగావ్ ఘోసరి. 1858 ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించగుండి దగ్గర టెలిగ్రాఫు తీగ వేస్తున్నవాళ్ళ డేరా మీద దాడి, అందులో పోయిన ఇద్దరు దొరల పేర్లు గార్ట్‌లాండ్, హాల్. ఆ దొరల పేర్లు సర్కారు రికార్డు రాసిపెట్టింది. అదే దాడిలో, దానికి ముందు పోరుల్లో పోయిన గోండుల, మారియాల పేర్లు రాయలేదు. అక్టోబరు 21న చాందా జైలు దగ్గర రావిచెట్టుకి బాబూరావుని ఉరి తీశారు. ఏటా ఆ రోజుకి ఊళ్ళనుంచి జనం వస్తారు, అహేరి వైపు నుంచి వచ్చేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉంటారు. లక్నోలో ఎముకలున్నాయి, పేర్లు లేవు. ఇక్కడ ఒక పేరు నిలబడింది, ముఖం లేదు. పోస్టర్ల మీదా తపాలా బిళ్ళ మీదా మనం చూసే బాబూరావు ముఖం చిత్రకారులు ఊహించి వేసిందే.

పక్కనే నిర్మల్ ఉంది. 1860లో, ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడ్డ రాంజీ గోండునీ అతని వెంట ఉన్నవాళ్ళనీ ఉరి తీసిన చెట్టు వెయ్యి ఉరుల మర్రిగా తెలుగువాళ్ళకి తెలుసు. చెట్టు గాలివానకి పడిపోయింది. చోటు మాత్రం ఎవర్ని అడిగినా చూపిస్తారు. ఇక్కడ విమర్శకుడి చేతికి రెండు గుండ్రటి అంకెలు దొరుకుతాయి: బియాటో శీర్షికలో రెండువేలు, మర్రిచెట్టు పేరులో వెయ్యి. మొదటి అంకె గెలిచినవాడి గొప్ప, రెండోది ఓడినవాడి దుఃఖం. ఫొటో ఉంది కదా అని మొదటిదాన్ని నమ్మి, లేదు కదా అని రెండోదాన్ని కొట్టేసేవాళ్ళని నేను చూశాను. బియాటో ఫొటోలో ఎముకలు ఎంతసేపు లెక్కపెట్టినా రెండువేలు రావు. ఆ అంకె శీర్షికలోంచి వచ్చింది. అంటే అదీ మాటే, మర్రిచెట్టు కింద చెప్పుకున్నదీ మాటే. రెండిటినీ ఒకే కొలతతో కొలవాలి.

ఫొటో లేని చోట ఎవరో ఒకరు ఫొటో తెచ్చి అతికించడం కూడా జరుగుతుంది. 1858లోనే బియాటో లక్నోలో తీసిన ఇంకో ఫొటో ఉంది. ఇద్దరు సిపాయిలు ఉరికి వేలాడుతుంటారు, చుట్టూ సైనికులు నిలబడి ఉంటారు. 1857 ఉరి అనగానే దేశమంతా ఎక్కడ దొరికితే అక్కడ అదే వేస్తారు. దాని కింద చాందా అనో, నిర్మల్ అనో రాసినా చాలామందికి అనుమానం రాదు. అలా రాసింది కంటపడితే మోరిస్ లాగా క్రిమియా దాకా వెళ్ళే పనిలేదు, గుండు అరువు తెచ్చే పనిలేదు. శవాల తలల పైన చూడండి. ఆ ఫొటోలో ఉరితాళ్ళు కట్టింది నిలువు కర్రల మీద అడ్డదూలం వేసి వడ్రంగి చేసిన ఉరికొయ్యకి. చాందాలో రావి, నిర్మల్‌లో మర్రి.